పట్టీలుగా మేపడానికి సోలార్ ఝట్కా కిట్: పెట్టెలో ఏముంది, ఏం లేదు

అడవిపందుల నుంచి వేరుశనగ, మొక్కజొన్న కాపాడుకోవడానికి మన దగ్గర రైతులు కొంటున్న సోలార్ ఝట్కా కిట్లనే (తాకితే షాక్ కొట్టే విద్యుత్ కంచె సామాను) ఇప్పుడు పాడి రైతులకూ అమ్ముతున్నారు. రెండెకరాల గినీ గడ్డి వేసి, ఆవులను రోజుకో పట్టీ (తీగతో విడదీసిన గడ్డి ముక్క) చొప్పున మేపుకుంటామని అడిగితే దుకాణంలో చేతికిచ్చేది అదే పెట్టె. పంది కంచె వేసిన చోటే ఉంటుంది. బయటివాటిని లోపలికి రానివ్వకపోవడమే దాని పని. మేపు కంచె అలా కాదు, రోజుకు ఒకటి రెండుసార్లు జరుగుతూనే ఉండాలి. లోపలున్న ఆవును ఇవాళ తినాల్సిన గడ్డి దగ్గరే నిలపాలి, నిన్న తిన్న గడ్డి మీదికి పోనివ్వకూడదు. కాబట్టి ఒక జౌల్ (దెబ్బలోని శక్తికి కొలత) స్థాయి కిట్‌ను ఈ పనికి తూచి చూస్తే సగం కిట్టే అని చెప్పాలి. మిషన్ సరిపోతుంది. ఎర్త్, బ్యాటరీ, తీగ సరిపోవు. చుట్టే చక్రాలు, తేలికగా నాటి పీకే గుంజలు అసలు ఉండవు.

మామూలుగా ఈ పెట్టెలో ఉండేవి: ఝట్కా మిషన్, 12 వోల్టుల 7 యాంపియర్ అవర్ బ్యాటరీ, 10 వాట్ల ప్యానెల్, ఒక ఎర్త్ రాడ్, ఒక చుట్ట జీఐ తీగ లేదా క్లచ్ వైరు, ప్లాస్టిక్ ఇన్సులేటర్లు, తీగ తెగితే మోగే హూటర్. హూటర్ పంది కంచెకు ప్రాణం. మేపులో దానితో పెద్దగా పని లేదు. దాని బదులు ఒక వోల్ట్ మీటర్ ఇమ్మని అడగండి.

మిషన్

అట్టపెట్టె మీద మూడు అంకెలు పెద్దగా అచ్చేసి ఉంటాయి: వోల్టులు, జౌళ్లు, కిలోమీటర్లు. మూడింటినీ ఉన్నదున్నట్టు నమ్మకూడదు. పదివేల వోల్టులు అంటే తీగ తగిలించకుండా, భారం లేకుండా వచ్చే అంకె. 500 ఓమ్‌ల భారం మీద ఎంత వస్తుందో అడగండి. జౌళ్లు కూడా లోపల నిల్వ ఉండేవి చెబుతున్నారా, బయటికి వచ్చేవి చెబుతున్నారా అని తేల్చుకోవాలి. రెండో అంకె ఎప్పుడూ తక్కువే. కిలోమీటర్ల లెక్క ఒక్క గడ్డిపోచ కూడా తగలని ఒంటి తీగకు వేసింది.

రెండెకరాల మేపుకు బయటికి ఒక జౌల్ ఇచ్చే మిషన్ చాలు. అయిదు జౌళ్లది కొంటే పశువులు మరింత బుద్ధిగా ఉంటాయనుకోవడం డబ్బు దండగ. కంచె చిట్టచివర, గడ్డి తగులుతున్నప్పుడు కూడా, 3,000 వోల్టులు నిలిస్తే పాడి పశువుకు బాగా పనిచేస్తుంది. 2,000కు దిగితే ఆవు తీగను లెక్కచేయదు.

ఒక విషయంలో మాత్రం రాజీ వద్దు. ఝట్కా మిషన్ కరెంటును సెకనుకు ఒక్కసారి, సెకనులో వెయ్యో వంతు కూడా ఉండని సన్నటి దెబ్బగా వదలాలి. ప్రాణం నిలిపేది ఆ విరామమే. తగిలిన మనిషైనా పశువైనా చెయ్యి, ముట్టె వెనక్కి లాక్కునే వీలుంటుంది. విద్యుత్ కంచె మిషన్ల భద్రతకు భారతీయ ప్రమాణం ఉంది, ఐఎస్ 302 రెండో భాగంలోని 76వ సెక్షన్. ఆ ముద్ర లేని మిషన్ ఎంత చవకైనా తీసుకోకండి. పాత బండ్ల ఇగ్నిషన్ కాయిల్‌తో కట్టించిన మిషన్లలో దెబ్బ వేగానికి, బలానికి హద్దు ఉండదు. ఇంటి 230 వోల్టుల కరెంటును నేరుగా తీగకు కలపడమైతే నేరం, హత్యతో సమానం. పంట చేల చుట్టూ అలా కలిపిన తీగలకు మన ఊళ్లలో మనుషులు, పశువులు, అడవి జంతువులు ఇప్పటికీ బలవుతున్నాయి. ముళ్లతీగకు ఝట్కా కరెంటు కూడా ఇవ్వకూడదు. ముళ్లలో చిక్కుకున్న ప్రాణి వెనక్కి రాలేదు.

బ్యాటరీ, ప్యానెల్: కిట్‌లో అసలు లోపం ఇక్కడే

లెక్క వేసి చూడండి. సెకనుకు ఒక జౌల్ వదిలే మిషన్, నష్టాలు కలుపుకుని దాదాపు ఒకటిన్నర వాట్లు లాగుతుంది. రోజుకు 12 వోల్టుల మీద సుమారు 3 యాంపియర్ అవర్లు. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి దింపితే త్వరగా చస్తుంది కాబట్టి 7లో వాడుకోదగ్గది మూడున్నర. 10 వాట్ల ప్యానెల్ మంచి ఎండరోజున కూడా రెండున్నర ఇస్తే గొప్ప. అంటే ఎండాకాలంలోనే చాలీచాలదు. గడ్డి బాగా పెరిగి మేపు జోరుగా సాగేది శ్రావణ, భాద్రపదాల్లో. ముసురు పట్టిన రెండో రోజుకే ఆ బ్యాటరీ చేతులెత్తేస్తుంది. తీగలో కరెంటు లేదని మంద మొత్తానికీ తెలియడానికి ఒక్క ఆవు దాటితే చాలు.

20 వాట్ల ప్యానెల్, 18 యాంపియర్ అవర్ల బ్యాటరీ కావాలని పట్టుబట్టండి. మబ్బు రోజుల్లో ప్యానెల్ మూడో వంతే ఇచ్చినా వారం దాకా లాగుతుంది. ప్యానెల్‌ను మిషన్ పెట్టె నెత్తినే బిగించిన రకాలు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, మన ఎండలకు పనికిరావు. అనంతపురం, నల్లగొండ ఎండలో ఆ పెట్టె లోపల బ్యాటరీ ఉడికిపోతుంది. వేడి పది డిగ్రీలు పెరిగిన కొద్దీ లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆయుష్షు సగం అవుతుంటుంది. ప్యానెల్ విడిగా ఉండి, రెండు మూడు మీటర్ల వైరుతో వచ్చేది తీసుకుని, పెట్టెను చెట్టు నీడలోనో చిన్న రేకు కిందో పెట్టండి. ప్యానెల్‌ను దక్షిణం వైపు 15 డిగ్రీల వాలులో బిగించి, వారానికోసారి తడిగుడ్డతో తుడవాలి.

ఎర్త్

కంచె పనిచేయడం లేదని దుకాణానికి తిరిగొచ్చే మిషన్లలో చాలా వాటికి ఏ జబ్బూ ఉండదు. జబ్బు ఎర్త్‌ది. దెబ్బ తగలాలంటే కరెంటు తీగ నుంచి ఆవు ముట్టెలోకి, గిట్టల ద్వారా నేలలోకి, నేల గుండా ఎర్త్ రాడ్‌కు తిరిగి రావాలి. కిట్‌లో ఇచ్చే ఒక్క మూరెడు రాడ్ వర్షాకాలంలో ఎలాగో నెట్టుకొస్తుంది. సంక్రాంతి దాటి నేల ఆరిందంటే తీగ ఉత్త తాడే.

ఆరడుగుల జీఐ రాడ్లు మూడు, ఒక్కొక్కటి మూడు మీటర్ల దూరంలో, ఎప్పుడూ తడి ఉండే చోట దింపండి. నీటితొట్టి పొర్లే దగ్గర, కాలువ గట్టు పక్కన అయితే మంచిది. మూడింటినీ ఒకే ఇన్సులేటెడ్ వైరుతో, క్లాంపులు బిగించి కలపాలి. జీఐ రాడ్‌కు రాగి తీగ చుడితే ఆ అతుకు తుప్పు పట్టి ఏడాదిలో విడిపోతుంది. నల్లరేగడి నేలలో ఎండాకాలం పగుళ్లు వచ్చి రాడ్ చుట్టూ గాలి చేరుతుంది. రాడ్ చుట్టూ గుంత తీసి బెంటొనైట్ మట్టి, ఉప్పు కలిపి నింపి నీళ్లు పోస్తుండాలి. ఎర్ర చెలక, ఇసుక నేలల్లో అదీ సరిపోకపోతే రెండు తీగల పద్ధతికి మారాలి. పైతీగలో కరెంటు, అడుగుతీగ ఎర్త్‌కు. ఆవు రెండింటినీ తాకితే నేలతో సంబంధం లేకుండా దెబ్బ తగులుతుంది.

ఎర్త్ సరిగ్గా ఉందా అని పరీక్షించే పద్ధతి ఇది. మిషన్ ఆపండి. దానికి వంద మీటర్ల అవతల నాలుగైదు ఇనప కడ్డీలను నేలలో గుచ్చి తీగకు ఆనించండి. మిషన్ వేసి, తీగ మీద వోల్టేజీ 2,000 లోపుకు పడిపోయిందో లేదో చూడండి. పడకపోతే మళ్లీ ఆపి ఇంకో రెండు కడ్డీలు ఆనించాలి. ఇప్పుడు మీటర్ ఒక కొసను ఆఖరి ఎర్త్ రాడ్‌కు తాకించి, రెండో కొసను వైరు చాలినంత దూరంలో నేలలో గుచ్చండి. 300 వోల్టుల లోపు చూపిస్తే ఎర్త్ బాగున్నట్టు. అంతకు మించితే ఇంకో రాడ్ దింపాలి. దీనికి కంచెల కోసం చేసిన మీటరే వాడాలి. మామూలు మల్టీమీటర్ పెడితే అది కాలిపోవచ్చు.

ఎర్త్ రాడ్లు కొట్టం, బోరు మోటార్, ట్రాన్స్‌ఫార్మర్ ఎర్త్‌లకు కనీసం పది మీటర్ల దూరంలో ఉండాలి. దగ్గరగా ఉంటే కొట్టంలోని ఇనప గాట్లకు, నీటి పైపులకు చిన్న చిన్న దెబ్బలు పాకుతాయి. మన చేతికి తెలియనంత చిన్నవైనా తడి కాళ్లతో నిలబడ్డ ఆవుకు తెలుస్తాయి. పితికేటప్పుడు కదలడం, పాలు చేపకపోవడం, తొట్టి దగ్గర నీళ్లు ముట్టుకుని వెనక్కి జరగడం కనిపిస్తే పొదుగు జబ్బుతో పాటు దీన్నీ అనుమానించండి.

తీగ, చక్రాలు, గుంజలు

చుట్టూ వేసే శాశ్వత కంచెకు రెండున్నర మిల్లీమీటర్ల జీఐ తీగ మంచిది. లోపల రోజూ జరిపే తీగగా క్లచ్ వైరు వద్దు. రెండోసారి చుట్టేసరికి మెలికలు పడుతుంది. లోపలికి పాలీ వైరు కావాలి, అంటే ప్లాస్టిక్ పోగుల్లో సన్నటి లోహపు పోగులు కలిపి అల్లిన తాడు. చవక రకంలో మూడే స్టీలు పోగులుంటాయి. దాని నిరోధం మీటరుకు చాలా ఓమ్‌లు, వంద మీటర్లు దాటితే దెబ్బ పలచబడుతుంది. తగరపు పూత రాగి పోగులు కలిపిన రకంలో అది మీటరుకు ఒక ఓమ్ కన్నా తక్కువ. 20 మీటర్ల అడ్డతీగలకు చవకది చాలు. పొడవు పట్టీలకు రాగి కలిసిందే తీసుకోండి.

చక్రాలు కనీసం మూడు కావాలి. ముందు తీగకు ఒకటి, వెనక తీగకు ఒకటి, రేపటి పట్టీకి ముందే లాగి ఉంచడానికి ఒకటి. చాలామంది వెనక తీగ దండగ అనుకుని ముందు తీగ ఒక్కటే జరుపుతుంటారు. ఆవులు మూడో రోజు, నాలుగో రోజు వెనక్కి వెళ్లి అప్పుడే మొలిచిన లేత చిగురు కొరుకుతాయి. వేరులో దాచుకున్న బలంతో దుబ్బు పెట్టిన మొదటి ఆకు అది. అది కూడా పోతే దుబ్బు పలచబడి, ఆ సందుల్లో వయ్యారిభామ లేస్తుంది. పట్టీ మేపు వేసి ఏడాదిలో గడ్డి పోయిందని చెప్పే చోట మొదట అడగాల్సింది వెనక తీగ ఉందా అనే.

గుంజలు కాలితో తొక్కి నాటే ప్లాస్టిక్ రకం తడినేలలో హాయిగా దిగుతాయి. వేసవిలో ఎర్రనేలలో వంగి విరుగుతాయి. పది మిల్లీమీటర్ల ఇనప కడ్డీకి పందితోక లాంటి ఇన్సులేటర్ తొడిగిన రకం బరువైనా నిలబడుతుంది. సాఫు నేలలో 8–10 మీటర్లకొకటి చాలు. ఇన్సులేటర్లు ఎండకు ఓర్చే నల్లరకమే కొనండి. చవక తెల్లవి ఒక్క వేసవికి చిట్లుతాయి. చిట్లిన ఇన్సులేటర్ పగలు కంటికి ఆనదు. రాత్రి చీకట్లో కంచె వెంట నడిస్తే టిక్కు టిక్కుమంటూ నీలిరవ్వ కనబడుతుంది. ఎక్కడ కారుతోందో పట్టుకోవడానికి ఇంతకన్నా చవకైన మార్గం లేదు.

తీగ ఎత్తు పెద్ద పశువులకు 80–90 సెంటీమీటర్లు, దూడలు కూడా ఉంటే 45 దగ్గర ఇంకొకటి. గేదెలకు కాస్త కిందికి దించి 75 దగ్గర, బిగుతుగా పెట్టండి. కొమ్ముకు కరెంటు పెద్దగా పారదు కాబట్టి వదులు తీగను కొమ్ముతో ఎత్తి అవతలికి పోవడం గేదె తొందరగా నేర్చుకుంటుంది. తీగ ముట్టెకే తగలాలి. కొత్త పశువులను నేరుగా పొలంలోకి వదలకూడదు. గట్టి కంచె ఉన్న దొడ్డిలో, లోపలి వైపు ఒక తీగ లాగి, దానికి బెల్లంపాకం పూసి రెండు రోజులు ఉంచండి. వాసన చూడబోయి ముట్టెకు దెబ్బ తగిలిన పశువు వెనక్కి గెంతుతుంది. శిక్షణ లేనిది బెదిరితే ముందుకే దూసుకుపోయి తీగ తెంపుతుంది.

కిట్‌తో వచ్చే పుస్తకం, మన గడ్డి

విద్యుత్ కంచెతో పట్టీలుగా మేపడం న్యూజిలాండ్ లాంటి చల్లటి దేశాల్లో రైగ్రాస్, క్లోవర్ మీద స్థిరపడ్డ పద్ధతి. చాలా కిట్లతో వచ్చే సూచనల్లో గడ్డిని అయిదారు సెంటీమీటర్లకు మేపమని ఉండేది అందుకే. గినీ గడ్డిని అలా మేపితే రెండు మూడు తిరుగుళ్లలో చస్తుంది. దాని మొవ్వు ఎత్తులో ఉంటుంది, పిలకలు మొదలు నుంచి పైకి లేస్తాయి. మామూలు గినీ రకాల్లోకి 60–70 సెంటీమీటర్ల ఎత్తున్నప్పుడు పశువులను దింపి, 30–35 మిగిలి ఉండగానే బయటికి తేవాలి. పారా, సిగ్నల్ లాంటి పాకుడు గడ్డి 25–30 దగ్గర మొదలుపెట్టి 15 దగ్గర ఆపవచ్చు. మీటరు దాటనిచ్చిన గినీ కాడ తేలి ముదురుతుంది. ఆవు ఆకు దూసుకుని కాడ తొక్కేస్తుంది. నేపియర్‌లోకి పశువులను వదలనే వద్దు, అది కోసి వేసే గడ్డి.

కొత్తగా నాటిన గినీలో మొదటి ఒకటి రెండు కోతలు కొడవలితోనే కోయండి. దుబ్బును గుప్పిట పట్టి గట్టిగా లాగండి. వేరుతో సహా వస్తే పశువులకు ఇంకా సిద్ధం కాలేదు.

పట్టీ ఎంత ఉండాలో కంటిచూపుతో కాదు, తూచి తేల్చుకోవాలి. మీటరు పొడవు, మీటరు వెడల్పు చట్రం ఒకటి చేయించి, చేలో నాలుగైదు చోట్ల వేసి, 30 సెంటీమీటర్ల పైనున్న గడ్డి కోసి తూచండి. సగటున చదరపు మీటరుకు కిలో వచ్చిందనుకుందాం. 400 కిలోల సంకరజాతి ఆవుకు రోజుకు 12 కిలోల ఎండు పదార్థం కావాలి. దాణా నుంచి మూడు కిలోలు పోతే గడ్డి నుంచి తొమ్మిది. పచ్చిగడ్డిలో అయిదో వంతే ఎండు పదార్థం కాబట్టి 45 కిలోల పచ్చిగడ్డి. అయిదు ఆవులకు 225 కిలోలు. తొక్కి, పేడ వేసి పాడుచేసేది అయిదో వంతు ఉంటుంది, అది కలిపితే 280. అంటే రోజుకు 280 చదరపు మీటర్లు, 20 మీటర్ల వెడల్పు పట్టీలో 14 మీటర్ల ముందుకు జరుపుకోవాలి. వానాకాలంలో గినీకి 28 రోజుల విరామం చాలు కాబట్టి మొత్తం 7,840 చదరపు మీటర్లు, ఇంచుమించు రెండెకరాలు. 100 మీటర్ల వెడల్పు, 80 మీటర్ల పొడవున్న చేను అయిదు పొడవు పట్టీలుగా సరిగ్గా సరిపోతుంది. కార్తీకం తర్వాత చలికి పెరుగుదల మందగిస్తే, నీళ్లు పెట్టినా 40 రోజులు ఆగాలి. అప్పుడు రోజూ ఇచ్చే పట్టీ తగ్గించి, ఆ లోటు చొప్పతోనో కోసిన నేపియర్‌తోనో పూడ్చాలి. లోటు ఉందని తిరుగుడును 20 రోజులకు కుదిస్తే ఆ తర్వాతి తిరుగుడుకు గడ్డే ఉండదు.

తీగ జరిపే వేళకు కూడా ఫలితం మారుతుంది. పగలంతా ఎండలో తయారైన చక్కెర సాయంత్రానికి ఆకులో నిండుగా ఉంటుంది. ఎండ తగ్గాక పశువు తృప్తిగా మేస్తుంది కూడా. కాబట్టి పెద్ద భాగం సాయంత్రం పాలు తీశాక ఇచ్చి, చిన్న భాగం పొద్దున తొమ్మిదిలోపు ముగించండి. మధ్యాహ్నం నీడలో నెమరు వేయాల్సిందే. వేసవిలో పాలిచ్చే ఆవు 60–70 లీటర్లు తాగుతుంది. వెనక తీగ వేస్తే పాత తొట్టి అందదు కాబట్టి బాల్ వాల్వ్ ఉన్న తేలికైన తొట్టి, దానికి ఒక హెచ్‌డీపీఈ పైపు కూడా ఈ కిట్ ఖర్చులోనే లెక్కవేసుకోండి. దుకాణంవాళ్లు ఈ మాట చెప్పరు.

జోరువానకు నల్లరేగడి నానిపోయినప్పుడు పశువులను దింపకండి. గిట్టలు దిగిన గుంతల్లో నీళ్లు నిలిచి దుబ్బులు కుళ్లుతాయి. ఆ రెండు మూడు రోజులు కొట్టంలోనే కోసి వేయాలి. నీళ్లు నిలిచే పారా మడుల్లో నత్తల వల్ల కార్జపు జలగలు వస్తాయి, వానల తర్వాత పేడ పరీక్ష చేయించి మందు తాగించండి. రోజుకో పట్టీ మారితే కడుపు పురుగుల బాధ కొంత తగ్గుతుంది. పిడుదులు మాత్రం నెల విరామానికి చావవు, అవి మేత లేకుండా నెలల తరబడి గడ్డిలో కాచుకుని ఉంటాయి. జొన్న ఉన్న చేలో మాత్రం ఈ కంచెను గుడ్డిగా వాడకండి. బెట్టకు గిడసబారిన జొన్నలో, కోసిన మోళ్ల నుంచి వచ్చే లేత చిగురులో నాము అనే విషం ఉంటుంది. పట్టీలో నిలిపిన ఆకలి పశువుకు వేరే దారి లేక అదే తింటుంది.

ఎవరికి వద్దు

ఎకరంలోపు గడ్డి ఉన్నవారు ఈ ఖర్చు పెట్టకండి. అంత నేలలో సూపర్ నేపియర్ కోసి వేస్తేనే ఎక్కువ మేత వస్తుంది. పూటకు ఏడెనిమిది లీటర్లిచ్చే హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకరాలు ఉన్నవారు గడ్డితోనే గడుస్తుందనుకోకూడదు. ఉష్ణమండలపు గడ్డి ఎంత బాగా మేపినా దాణా లేకుండా రోజుకు ఏడెనిమిది లీటర్లు దాటించడం కష్టం. రెండెకరాలకు పైన ఉండి, గడ్డి కోయడానికి మనిషి దొరకని చోట, పలుపుతాళ్లతో కట్టి మేపుతున్న చోట ఇది నిజంగా పనికొస్తుంది.

కొనేటప్పుడు బిల్లులో మిషన్, బ్యాటరీ, ప్యానెల్ వారంటీలు విడివిడిగా రాయించుకోండి. మూడింటికీ కలిపి ఒకే మాట రాస్తే, మొదట పోయే బ్యాటరీ దగ్గరే పేచీ వస్తుంది. పిడుగు దెబ్బ సాధారణంగా వారంటీలోకి రాదు. పిడుగు నిరోధకం వేరే కొని తీగ బయల్దేరే చోట బిగించి, దానికి వేరే ఎర్త్ ఇవ్వండి. ఉరుములు మొదలవగానే మిషన్‌ను తీగ నుంచి విడదీయండి. బాటకు ఆనుకున్న వైపు పసుపు రంగు హెచ్చరిక బోర్డులు తెలుగులో రాయించి, బొమ్మతో సహా, చదువురాని పిల్లాడికి కూడా అర్థమయ్యేలా కట్టాలి.